అడవి అంచు బాటల్లో మూడు రోజుల సేవా సైకిల్ యాత్రకు సిద్ధమవడం ఎలా?

హైదరాబాదులో ఆదివారం తెల్లవారుజామున 40, 50 కిలోమీటర్లు అలవోకగా తొక్కి వచ్చేవారు, మూడు రోజుల యాత్ర అంటే అదే తొక్కుడు వరుసగా మూడుసార్లు అని లెక్క వేసుకోవడం సహజం. ఆ లెక్క మొదటి రోజు సాయంత్రం దాకా బాగానే నిలుస్తుంది. రెండో రోజు ఉదయం తొడలు బిగుసుకుపోయి, అరచేతులు మొద్దుబారి, నిన్న ఒరుసుకున్న చోటే మళ్లీ సీటు తగులుతుంటే, చైనులో నిన్నటి దుమ్ము కరకరలాడుతుంటే అసలు కష్టం ఎక్కడుందో అర్థమవుతుంది. అందుచేత శరీరానికి గానీ, సైకిలుకు గానీ, తిండికి గానీ చేసుకునే ప్రతి ఏర్పాటునూ ఒకే ప్రశ్నతో పరీక్షించాలని నా అభిప్రాయం: రెండో రోజు ఉదయం మళ్లీ సీటెక్కడానికి ఇది ఉపయోగపడుతుందా? పైగా ఇది సేవా యాత్ర. మనల్ని నమ్మి విరాళం ఇచ్చినవారు ఉంటారు కనుక, యాత్రను చివరిదాకా నడపడం సొంత సరదా మాత్రమే కాదు.

దారి, కాలం, అనుమతులు

మన ప్రాంతంలో ఇలాంటి యాత్రకు నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా అనువైన కాలం. మార్చి దాటితే మధ్యాహ్నపు ఎండ గుట్టల మీద మనిషిని నిలవనివ్వదు, ఎండుటాకులు పరుచుకున్న అడవిలో నిప్పు భయం కూడా ఉంటుంది. వానాకాలం చూడడానికి పచ్చగా, ఆహ్లాదంగా ఉంటుంది గానీ, వికారాబాద్, తాండూరు వైపు నల్లరేగడి చేల మధ్య బండ్ల బాట పట్టినవారికి ఆ ఆహ్లాదం ఎక్కువసేపు మిగలదు. తడిసిన రేగడి టైరుకు పొరలు పొరలుగా అంటుకుంటుంది. కొన్ని గజాలు పోయేసరికి ముందు ఫోర్కు వంపులోనూ, వెనుక చక్రానికి ఇరువైపులా ఉన్న కడ్డీల మధ్యనూ మట్టి గట్టిగా కూరుకుపోయి చక్రం తిరగడం మానేస్తుంది. అప్పుడు బలవంతంగా తొక్కితే మట్టి, గడ్డి కలిసి వెనుక గేర్లు మార్చే డీరైలరును చక్రం లోపలికి లాగి, దాన్ని పట్టి ఉంచే కొక్కేన్ని విరిచేస్తాయి. అదే ప్రాంతంలోని ఎర్ర మొరం బాటలు వాన వెలిసిన కొద్ది గంటలకే తొక్కడానికి వీలుగా ఆరిపోతాయి. కనుక దారి గీసుకునేటప్పుడు దూరాన్ని, ఎత్తుపల్లాలను లెక్కించినంత శ్రద్ధగా నేల రంగును కూడా గుర్తించుకోవాలి. డిసెంబరులో అకాల వర్షం పడినా ఈ సమాచారం పనికి వస్తుంది.

శీతకాలపు పగలు చిన్నది. డిసెంబరు మధ్యలో ఇక్కడ సూర్యోదయం 6 గంటల 40 నిమిషాల ప్రాంతంలో, సూర్యాస్తమయం 5 గంటల 45 నిమిషాల ప్రాంతంలో ఉంటుంది. రోజుకు 11 గంటల వెలుగు ఉన్నట్టు కనిపించినా, పంచర్లకు, భోజనానికి, దారి తప్పడానికి, ఊళ్లో పిల్లలతో ఫొటోలకు పోయే సమయాన్ని తీసేస్తే తొక్కడానికి మిగిలేది ఆరేడు గంటలే. మట్టి బాటలో సామానుతో సగటున గంటకు 10 నుంచి 12 కిలోమీటర్లు వెళ్లడమే బాగా వెళ్లినట్టు. కాబట్టి రోజుకు 55, 60 కిలోమీటర్లకు మించి పెట్టుకోకుండా, సాయంత్రం నాలుగింటికల్లా బస చేరేటట్టు ప్రణాళిక వేసుకోవాలి. తారు రోడ్డు మీద నూరు కిలోమీటర్లు తొక్కినవారికి ఈ అంకె చిన్నదిగా తోస్తుంది. అయినా దీన్ని పెంచవద్దు.

తొలిసారి వెళ్లే బృందానికి అనంతగిరి గుట్టల చుట్టుపక్కల దారి చక్కగా సరిపోతుంది. మూసీ నది పుట్టే ఈ గుట్టలు నగరానికి దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. మొదటి రోజు నగరం అంచున చిలుకూరు దాటేదాకా సైకిళ్లను వాహనంలో తీసుకుపోయి, అక్కడి నుంచి ఊళ్ల మధ్య దారుల్లో వికారాబాద్ చేరవచ్చు. రెండో రోజు గుట్టల చుట్టూ, కోటిపల్లి జలాశయం వైపు తిరిగి, మూడో రోజు వేరే దారిన వెనక్కి రావచ్చు. చేవెళ్ల దగ్గరి మర్రిచెట్ల రోడ్డు నీడ చూసి ముచ్చటపడతాం గానీ, అది బీజాపూర్ వెళ్లే జాతీయ రహదారి. దాన్ని అడ్డంగా దాటడమే తప్ప దాని వెంట సైకిళ్ల వరుసను నడిపించడం మంచిది కాదు.

ఎవరో ఎప్పుడో తొక్కి దాచుకున్న జీపీఎస్ ఫైలును ఫోనులో వేసుకుని, అదే దారి అనుకుని బయలుదేరకూడదు. పూడూరు మండలంలోని దామగుండం అడవినే చూడండి. నగరంలోని సైకిలిస్టులు, ట్రెక్కింగ్ చేసేవారు ఇష్టంగా వెళ్లే చోటు అది. పత్రికల్లో రాడార్ స్టేషన్‌గా పేరుపడిన నౌకాదళ కేంద్రానికి అక్కడ 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది కనుక, ఆ అడవి గుండా గీసిన పాత దారులను నమ్ముకోకూడదు. రెండు మూడు వారాల ముందు బృందంలో ఇద్దరు మోటారు సైకిలు మీద దారి మొత్తం చూసి రావాలి. వాగు దాటే చోట నీళ్లెంత ఉన్నాయి, కొత్తగా వేసిన కంచె ఎక్కడ అడ్డం వస్తుంది, ఏ తండాలో కిరాణా కొట్టు ఉంది, ఎక్కడ ఫోను సిగ్నలు పోతుంది అన్న నాలుగు సంగతులూ చోటుతో సహా రాసుకోవాలి. ఆపైన ఆఫ్‌లైన్‌లో పనిచేసే మ్యాపును అందరి ఫోన్లలో వేయించి, ముఖ్యమైన మలుపులను కాగితం మీద కూడా అచ్చు వేసి ఇవ్వాలి.

రిజర్వు అడవి లోపలి బాటల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. జిల్లా అటవీ అధికారికి కనీసం నెల రోజుల ముందు దరఖాస్తు ఇచ్చి, దానితో పాటు పాల్గొనేవారి పేర్లు, తేదీలు, దారి పటం, వెంట వచ్చే వాహనాల నంబర్లు జతచేయడం మంచిది. అనుమతి రాకపోతే అడవి అంచున ఉన్న ఊరి బాటల్లోనే యాత్ర చేయాలి. అందులో తక్కువేమీ లేదు. నల్లమలకు పోవాలని ఉబలాటపడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా పోయే శ్రీశైలం రహదారిపై రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ఆపేస్తారు. రహదారి దాటి లోపలి బాటల్లో తిరగడానికి ప్రత్యేక అనుమతి అవసరం. తొలి యాత్రకు అది తగిన చోటు కాదు.

విరాళాల పని ముందే మొదలుపెట్టాలి

సైకిల్ సాధన కంటే ముందు మొదలుపెట్టాల్సిన పని ఇది, ఎందుకంటే విరాళాలు యాత్ర జరిగే వారంలో కాక, దానికి ముందు రెండు నెలల్లో మెల్లమెల్లగా వస్తాయి. డబ్బును వ్యక్తుల ఖాతాలోకి, ముఖ్యంగా నిర్వాహకుడి సొంత యూపీఐ నంబరుకు తీసుకోవడం ఎంత సులభమో అంత ప్రమాదం. దాత నుంచి సొమ్ము నేరుగా సేవాసంస్థ ఖాతాకే చేరాలి, రసీదు సంస్థే ఇవ్వాలి. బృందం చేతిలో ఎవరు ఎంత ఇస్తామన్నారు అన్న పట్టిక మాత్రమే ఉండాలి.

సంస్థను ఎంచుకునేటప్పుడు దాని రిజిస్ట్రేషను పత్రాలను, గడిచిన సంవత్సరాల ఆడిట్ నివేదికలను, 80జీ పేరుతో అందరికీ తెలిసిన పన్ను మినహాయింపు అనుమతిని అడిగి చూడాలి. అడిగితే నొచ్చుకునే సంస్థను వదిలేయడమే మంచిది. ఆ మినహాయింపు విషయంలో దాతలకు రెండు మాటలు ముందే చెప్పాలి: 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి అది వర్తించదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలు వర్తించదు. ఈ మాట దాచిపెట్టి విరాళం తీసుకుంటే, పన్ను లెక్కలు వేసుకునే వేళ దాత మనసు విరుగుతుంది.

మన ఇళ్లలో తప్పక ఎదురయ్యే మరో చిక్కు అమెరికాలోని బంధువులు. అక్కడి పౌరసత్వం తీసుకున్న బాబాయి పంపే డబ్బు, ఆయన పుట్టి పెరిగింది కరీంనగరులోనే అయినా, చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదైన సంస్థ మాత్రమే, అందుకోసం ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకి మాత్రమే దాన్ని తీసుకోవాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. వాట్సాప్‌లో కుటుంబ గ్రూపుకు విజ్ఞప్తి పంపే ముందే ఈ తేడా తెలుసుకుని ఉండాలి.

యాత్ర ఖర్చును, అంటే వాహనం, బస, భోజనం, టీషర్టులను విరాళాల్లోంచి తీయకూడదు. పాల్గొనేవారు తలా ఇంత వేసుకుని భరించాలి. వీలుకాక విరాళంలోంచే కొంత వాడవలసి వస్తే ఎంత వాడతారో విజ్ఞప్తిలోనే రాయాలి. యాత్ర ముగిసిన పదిహేను రోజుల్లోపు దాతలందరికీ మొత్తం లెక్క పంపుతామని కూడా అందులోనే తేదీతో సహా ప్రకటించి, ఆ లెక్క రాసే బాధ్యతను సైకిలు తొక్కని ఒకరికి అప్పగించాలి. అలసిపోయి వచ్చినవారికి ఆ పని మీద మనసు నిలవదు.

శరీర సాధన

వారానికి ఒకటి రెండుసార్లు తొక్కే అలవాటు ఉన్నవారికి 12 వారాలు, కొత్తవారికి 16 వారాల సాధన అవసరం. నలభై దాటినవారు, బీపీ, షుగరు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి కలవాలి. ఇన్సులిన్ గానీ, షుగరును బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు గంటల తరబడి తొక్కే రోజుల్లో మోతాదు ఎలా మార్చుకోవాలో ఆయనతోనే నిర్ణయించుకోవాలి.

వారం మధ్యలో రెండు రోజులు గంటసేపు, తోటివారితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగంతో తొక్కాలి. ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌరఫలకాల కప్పుతో వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు ఇందుకు అనుకూలం. కానీ ఆ నున్నటి దారి గుండెకు, కాళ్లకు నేర్పేది మాత్రమే నేర్పుతుంది. గతుకుల బాటలో మూడు గంటల కుదుపు మణికట్టును, భుజాలను, నడుమును ఏం చేస్తుందో అక్కడ తెలియదు. అందుకే వారాంతపు తొక్కుడు మాత్రం తప్పనిసరిగా మట్టి మీదే జరగాలి. గండిపేట, చిలుకూరు పరిసరాలు దగ్గర, నర్సాపూర్ వైపు కొంచెం దూరం. ఎత్తు ఎక్కడం అలవాటు కావడానికి పెద్ద కొండే అక్కర్లేదు. రెండు మూడు నిమిషాలు పట్టే గుట్ట దారిని ఎంచుకుని, సీటు మీద నుంచి లేవకుండా తేలిక గేరులో ఆరేడుసార్లు ఎక్కి దిగితే చాలు.

మొత్తం సాధనలో ముఖ్యమైనది శని, ఆదివారాల్లో వరుసగా తొక్కడం. ఒక్కరోజు 80 కిలోమీటర్లు తొక్కి మర్నాడు సోఫాలో పడుకునేదాని కంటే, శనివారం 45, ఆదివారం 35 తొక్కడం ఈ యాత్రకు ఎక్కువ పనికొస్తుంది. అలసిన కాళ్లతో మళ్లీ మొదలుపెట్టడం అనేది వేరే విద్య. ఒక్క రోజులో ఎంత దూరం తొక్కినా అది రాదు. వారానికి దూరాన్ని పదో వంతుకు మించి పెంచకుండా, ప్రతి నాలుగో వారం కొంత తగ్గిస్తూ, యాత్రకు మూడు వారాల ముందు శనివారం 60, ఆదివారం 50 కిలోమీటర్లకు చేరుకోవాలి. ఆ వారాంతపు తొక్కుడు పూర్తి సామానుతో, యాత్రలో వేసుకోబోయే బట్టలతో, తినబోయే తిండితో, వీలైతే బయట ఒక రాత్రి బసతో జరగాలి. ఆ తరువాత కొత్త వస్తువు ఏదీ కొనకూడదు, కొన్నా యాత్రకు తీసుకుపోకూడదు. చివరి పది రోజులు తొక్కుడును సగానికి తగ్గించి, నిద్రను పెంచాలి. ఆ పది రోజుల్లో కంగారుపడి చేసే అదనపు సాధన వల్ల అలసట తప్ప బలం రాదు.

గుట్ట దిగడం నేర్చుకోవడాన్ని చాలామంది పట్టించుకోరు. గట్టి నేల మీద పరిచినట్టుండే మొరం రాళ్లపై ముందు చక్రం జారితే కోలుకోవడానికి సమయం ఉండదు. సీటు మీద నుంచి లేచి, రెండు పెడళ్లనూ నేలకు సమానంగా ఉంచి, మోచేతులు వంచి, నడుమును వెనక్కి జరిపి, చూపును చక్రం ముందు కాక పది పదిహేను గజాల దూరంలో నిలపాలి. వేగం తగ్గించడం మలుపుకు ముందే అయిపోవాలి, మలుపులో బ్రేకు పట్టకూడదు. రెండు బ్రేకులనూ ఒక్కొక్క వేలితో నొక్కుతూ వదులుతూ దిగడం అలవాటైతే చేతులకు అలసట కూడా తగ్గుతుంది.

సైకిలు

ఖరీదైన సైకిలు కంటే సరిగ్గా అమర్చుకున్న సైకిలు మేలు. ముందు ఫోర్కులో 100 నుంచి 120 మిల్లీమీటర్ల కదలిక ఉండి, వెనుక సస్పెన్షను లేని 29 అంగుళాల మౌంటెన్ బైకు ఈ దారులకు బాగా సరిపోతుంది. సామాను కట్టి సీటు మీద కూర్చున్నప్పుడు ఫోర్కు తన మొత్తం కదలికలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా దిగేటట్టు ఫోర్కులోని గాలి సర్దాలి. సీటు ఎత్తు, హ్యాండిలు దూరం తెలిసినవారి చేత చూపించుకుని సరిచేయించుకోవాలి. మోకాలి ముందు నొప్పికి సీటు మరీ కిందికి ఉండడం, మోకాలి వెనుక నొప్పికి మరీ పైకి ఉండడం తరచుగా కారణాలు.

మన ప్రాంతంలో సైకిలుకు అసలు శత్రువులు పల్లేరుకాయ, సర్కారు తుమ్మ ముల్లు. వీటి కారణంగా ట్యూబ్ లేని టైర్లు, వాటిలో పోసే సీలంటు ద్రవం ఇక్కడ విలాసం కాదు, అవసరం. ఒక్కో టైరుకు సుమారు 100 మిల్లీలీటర్లు పోయాలి. మన ఎండలకు అది రెండు మూడు నెలల్లో ఆరిపోతుంది కనుక యాత్రకు వారం ముందు విప్పి చూసి మళ్లీ నింపాలి. పల్లేరుకాయ గుచ్చుకున్నప్పుడు వెంటనే పీకేసి ఆ రంధ్రం పైకి ఉండగా నిలబడి చూస్తే గాలి పోతూనే ఉంటుంది. పీకిన వెంటనే చక్రాన్ని తిప్పి ఆ చోటును కిందికి తెస్తే, లోపలి ద్రవం అక్కడికి చేరి కొన్ని క్షణాల్లో బుసబుస ఆగుతుంది. పెద్ద చీలిక అయితే రబ్బరు ప్లగ్గు దూర్చాలి.

ట్యూబులే వాడేవారు మరొక సంగతి గమనించాలి. పంచరు వేసి టైరు ఎక్కించిన కాసేపటికే మళ్లీ గాలి పోయిందంటే చాలాసార్లు కారణం టైరు లోపల విరిగి మిగిలిపోయిన ముల్లు మొన. అది కంటికి కనబడదు, వేలికి తగిలితే వేలిని చీరుతుంది. ఒక పాత నూలుగుడ్డ ముక్కను టైరు లోపలి అంచు వెంట మెల్లగా లాగుకుంటూ పోతే పోగు ఎక్కడ చిక్కుకుంటుందో అక్కడ మొన ఉన్నట్టు. దాన్ని చిన్న పటకారుతో బయటికి లాగాలి. ఆ పటకారు పనిముట్ల సంచిలో ఉండాలి, ఇంట్లో కాదు.

టైరులో గాలి మరీ గట్టిగా కొట్టకూడదు. ట్యూబ్ లేని 2.2 నుంచి 2.4 అంగుళాల టైరుకు, మనిషి బరువును బట్టి 22 నుంచి 28 పీఎస్ఐ దాకా సరిపోతుంది. చైను అరుగుదలను కొలిచే చిన్న పరికరంతో చూసి, పదకొండు, పన్నెండు గేర్ల చైను 0.5 శాతం సాగితే మార్చేయాలి. బ్రేకు ప్యాడు మీద మందం ఒక మిల్లీమీటరుకు దగ్గరపడితే మిగిలిన దాన్ని ఆదా చేయాలని చూడకుండా తీసేయాలి. హైడ్రాలిక్ బ్రేకుల్లో పోసే ద్రవం కంపెనీని బట్టి మారుతుంది. మినరల్ ఆయిల్ వాడే బ్రేకులో డాట్ అనే మరో రకం బ్రేకు ద్రవం పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడైపోతాయి కనుక, సర్వీసింగుకు ఇచ్చే చోట ఏది పోస్తున్నారో అడగాలి.

వెంట ఉండాల్సిన విడిభాగాల్లో అందరూ మరిచిపోయేది డీరైలరు కొక్కెం. అది ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారంలో ఉంటుంది, వికారాబాద్ సైకిలు కొట్టులో దొరకదు, నగరంలో కూడా తెప్పించడానికి వారాలు పట్టవచ్చు. దానితో పాటు చైను విరిచే సాధనం ఉన్న మల్టీటూలు, చైను కలిపే లింకు, ఒక జత బ్రేకు ప్యాడ్లు, ఒక ట్యూబు, చేతి పంపు, టైరు విప్పే లీవర్లు, ప్లాస్టిక్ కట్లు, అతుకు టేపు చాలు. బృందంలో ఒకే రకం బ్రేకులు, గేర్లు ఉన్నవారు ఎవరెవరో ముందే తెలిస్తే విడిభాగాలను పంచుకోవచ్చు. గుడారాలు, పరుపులు, వంట సామాను వాహనంలో పోతాయి. మనిషి మోసేది నీళ్లు కాక నాలుగైదు కిలోలు మించకూడదు. అందులో బరువైనవి ఫ్రేము మధ్య సంచిలో కట్టాలి తప్ప వీపు మీద కాదు.

బట్టలు, తిండి, నీళ్లు

మెత్త ఉన్న సైకిలింగ్ నిక్కర్లు కనీసం రెండు ఉండాలి, వాటి లోపల మరో లోదుస్తు వేసుకోకూడదు. మధ్యాహ్నం ఆగినప్పుడు తడి బట్ట మీదే గంటసేపు కూర్చోవడం వల్లనే చర్మం ఒరుసుకుని పుండ్లు పడతాయి కనుక, ఒరుపు తగ్గించే క్రీము రాసుకోవడం, బస చేరగానే నిక్కరు మార్చడం అనే రెండు అలవాట్లూ సాధన రోజుల్లోనే చేసుకోవాలి. తెల్లవారుజామున గుట్టల మీద చలి గట్టిగానే ఉంటుంది కాబట్టి గాలిని ఆపే పలుచటి జాకెట్టు అవసరం. హెల్మెట్ ఒకసారి గట్టి దెబ్బ తిన్నదైతే, పైకి పగులు కనిపించకపోయినా మార్చాలి.

తొక్కేటప్పుడు ఆకలి వేసేదాకా ఆగకూడదు. మొదటి ముప్పావు గంట తరువాత నుంచి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతూ ఉండాలి. మధ్యరకం అరటిపండులో దాదాపు 25 గ్రాములు ఉంటుంది. ఖర్జూరాలు, బెల్లం, పల్లీపట్టీ జేబులో నలగకుండా ఉంటాయి. మధ్యాహ్నానికి ఆకులో కట్టిన పులిహోర నాకు అన్నిటికంటే ఇష్టం. ఉప్పు, పులుపు, అన్నం మూడూ అందులోనే ఉన్నాయి, ఉదయం చేసింది మధ్యాహ్నందాకా చెడదు. దిగుమతి జెల్ ప్యాకెట్లు పనిచేయవని అనను గానీ, మూడో రోజుకు ఆ తీపి చూస్తే మొహం మొత్తుతుంది. నూనెలో వేగిన మిర్చీ బజ్జీల బండి దగ్గర ఆగడం సాయంత్రానికి వాయిదా వేసుకోవాలి.

నీళ్లు చలికాలంలో కూడా గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా అవసరం. గంటల తరబడి ఉప్పు లేని వట్టి నీళ్లే విపరీతంగా తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోతుంది. చెమట ఎక్కువ పట్టేవారికి ఓఆర్ఎస్ మంచిది, అయితే అది లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉండే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా పొడి అయి ఉండాలి, ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. ఆ ఫార్ములా లేని తీపి పానీయాలు ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది. హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి చేసిన పోరాటం దాని వెనుక ఉంది. మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగడం మనకు తెలిసిన మరో దారి.

వాగు నీళ్లను వడపోసి, క్లోరిన్ మాత్ర వేస్తే చాలా క్రిములు చస్తాయి. కానీ పైన పత్తి చేలు ఉన్నచోట ఆ నీళ్లలోకి చేరే పురుగుమందును అవి తొలగించలేవు. ఊళ్లో నల్లా నీళ్లో, డబ్బా నీళ్లో నింపుకోవడమే సరైనది. అందుకే నీళ్లు దొరికే ఊళ్లను దారి పటంలో ముందే గుర్తించాలి.

బస చేరిన తరువాత రెండు గంటలు

రెండో రోజు ఎలా ఉంటుందో ఈ రెండు గంటలే నిర్ణయిస్తాయి. దిగిన అరగంటలోపు అరటిపళ్లు, ఉడికించిన గుడ్లు లేదా పల్లీలు, మజ్జిగ వంటివి కడుపులో పడాలి. ఆ తరువాత స్నానం కంటే ముందు సైకిలు పని చేయడం మంచిది, ఎందుకంటే స్నానం చేసి కూర్చున్నవారు మళ్లీ మసి చేతులకు ఇష్టపడరు. పొడి గుడ్డతో చైనును తుడిచి, లింకుకు ఒక చుక్క చొప్పున నూనె వేసి, అదనంగా ఉన్నదాన్ని తుడిచేయాలి. నూనె పైన నిలిస్తే రేపటి దుమ్మంతా దానికే పడుతుంది. చక్రాలను మెల్లగా తిప్పుతూ టైరులో ముళ్లు చూడాలి, బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో చూడాలి, బ్రేకులు నొక్కి చూడాలి. అప్పుడు స్నానం, నిక్కరు సబ్బుతో ఉతికి ఆరేయడం, ఫోన్లు, లైట్లు ఛార్జింగుకు పెట్టడం. భోజనం ఎనిమిదింటికల్లా ముగించి తొమ్మిదింటికి పడుకోవాలి. మొదటి రాత్రి కబుర్లు పొద్దుపోయేదాకా సాగితే మర్నాడు ఎవరెవరు మాట్లాడారో గుట్ట ఎక్కేటప్పుడు తెలిసిపోతుంది.

ప్రమాదాలు

అందరికంటే వెనుక ఒక అనుభవజ్ఞుడు ప్రథమ చికిత్స సంచితో ఉండాలి, అతన్ని దాటి ఎవరూ వెనుకబడకూడదు. బయలుదేరే ముందు ప్రతివారి రక్తవర్గం, అలర్జీలు, వాడే మందులు, ఇంటివారి ఫోను నంబరు ఒక కాగితం మీద వాహనంలో ఉంచాలి. ధనుర్వాతం టీకా గడువులో ఉందో లేదో ముందే చూసుకోవాలి. దారి పొడవునా ఏ ఊరికి ఏ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గరో రాసుకుని, అక్కడ పాము విషానికి మందు ఉందో లేదో ముందే ఫోను చేసి తెలుసుకోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ ఈ నేలల్లో ఉన్నాయి. కాటు పడితే గాయాన్ని కోయడం, గట్టిగా తాడు కట్టడం, నోటితో పీల్చడం చేయకూడదు. ఉంగరాలు, కడియాలు తీసేసి, ఆ అవయవాన్ని కదలనివ్వకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. 108, 112 నంబర్లకు సిగ్నలు దొరికే చోట్లు పటంలో ముందే గుర్తించి ఉంటాయి కనుక అక్కడికి ఒకరిని పంపవచ్చు.

నిజానికి పాము కంటే ఎక్కువగా ఎదురయ్యేది ఊరకుక్క. వెంటపడితే వేగం పెంచకుండా దిగి, సైకిలును మనకు, దానికి మధ్య అడ్డంగా ఉంచి నడిస్తే చాలాసార్లు అదే వెనక్కి తగ్గుతుంది. కరిస్తే గాయాన్ని సబ్బుతో పారే నీటి కింద పావుగంటసేపు కడిగి, యాత్ర అక్కడితో ఆపి అదే రోజు రేబిస్ టీకా వేయించుకోవాలి.

బయలుదేరే ముందు, మొదటి గంట

ముందు రోజు సాయంత్రం సామాను సర్దుకోవడం, టైర్లలో గాలి చూసుకోవడం, సీసాలు నింపుకోవడం అయిపోవాలి. ఆ రాత్రి కొత్త హోటలు తిండి జోలికి పోవద్దు. జెండా ఊపే పెద్దమనిషి ఆలస్యంగా రావడం మనకు కొత్త కాదు. సభ పేరుతో ఉదయపు చల్లని గంటను పోగొట్టుకోకుండా, ప్రసంగాలను మూడో రోజు ముగింపు వేళకు మార్చడానికి నిర్వాహకులు ఆయనను ముందే ఒప్పించాలి. మొదలైన తరువాత మొదటి గంటలో అందరి కాళ్లూ ఉరకలు వేస్తాయి, ముందు వరుస దూసుకుపోతుంది. సాధనలో అలవాటైన, మాట్లాడుకుంటూ పోగలిగే వేగాన్నే పట్టుకుని, తేలిక గేరులో తొక్కుతూ, ముప్పావు గంట కాగానే మొదటి అరటిపండు తినాలి.